తుప్పు వేరు, మచ్చ వేరు

ఈ సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదకులు అడిగినప్పుడు, డాక్టరు గదా, రక్తపోటు గురించో మధుమేహం గురించో వ్రాస్తారని వారు ఆశించి ఉంటారు. ఆ రెండింటి గురించీ మన సంఘం విందుల్లో, రెండో విడత గులాబ్ జామూన్ చేతిలో ఉండగానే, మిత్రులు మమ్మల్ని అడుగుతూనే ఉన్నారు. మేము చెబుతూనే ఉన్నాం. ఫలితం అందరికీ తెలిసిందే. అందుచేత ఈసారి వేరే సంగతి వ్రాస్తున్నాం. మా ఇంటికి వచ్చినవారందరూ చూసి నవ్వుకున్న సంగతి: పాత నూనె డబ్బాలు.

మా గరాజులో కారుకు చోటు లేదు. గోడ పొడుగునా చెక్క అరల మీద డెబ్భయ్యో ఎనభయ్యో డబ్బాలు కూర్చుని ఉంటాయి. పెట్రోలువి, ఇంజను ఆయిలువి, కుట్టు మిషనువి, రైలింజనువి. మా మామగారు ఇండియా నుంచి వచ్చినప్పుడు ఆ తలుపు తీసి, కాసేపు ఏమీ మాట్లాడకుండా నిలబడి, "ఇంత చదివీ చివరికి పాత ఇనప సామాన్ల కొట్టు పెట్టారా అల్లుడుగారూ" అన్నారు. దానికి సమాధానం అప్పుడు తోచలేదు. ఇప్పుడూ పూర్తిగా తోచలేదు. కాని కాలక్షేపంగా మొదలైన ఈ వ్యాపకం మాకు ఒక తప్పు చేయించి, ఆ తప్పు ద్వారా ఒక ప్రశ్న నేర్పింది. పాతబడిన వస్తువును మళ్ళీ కొత్తది చేసే హక్కు మనకు ఎంతవరకు ఉంది? ఈ ప్రశ్న డబ్బాలతో ఆగేది కాదు గనుక మీ ముందు పెడుతున్నాం.

ముందు ఈ పిచ్చి ఎలా పట్టిందో చెప్పాలి. ఈ దేశం వచ్చిన మొదటి సంవత్సరం, ఇంగ్లండు ఉత్తరాదిన ఒక చిన్న ఊళ్ళో మా ఉద్యోగం. అక్కడ ఆదివారాల్లో జనం కారు డిక్కీలు తెరిచి, ఇంట్లో పనికిరాని సామానంతా గడ్డి మీద పరిచి అమ్ముతారు. మనవైపు వారపు సంత లాంటిదే, కూరగాయలు తక్కువ. ఊరికే తిరుగుతూంటే ఒక ఆకుపచ్చ రేకు డబ్బా కనిపించింది. దాని మీద ఎర్ర అక్షరాలతో వేక్‌ఫీల్డ్ క్యాస్ట్రాల్ అని ఉంది. అమ్మే ముసలాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఈ పేరు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? క్యాస్టర్ ఆయిల్ నుంచి" అన్నాడు.

ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేస్తే నిజమే. ఛార్లెస్ వేక్‌ఫీల్డ్ అనే ఆయన 1899లో లండనులో కంపెనీ పెట్టి, మొదట రైళ్ళకూ బరువైన యంత్రాలకూ కందెన నూనెలు అమ్మాడు. తరవాత మోటారు కార్లూ విమానాలూ వచ్చాయి. వాటి ఇంజన్లు బాగా వేడెక్కుతాయి, వేగంగా తిరుగుతాయి. ఆ వేడికి పలచబడి జారిపోని నూనె కావాలి. అందుకని ఆముదం కలిపి ఒక నూనె చేసి, 1909లో దానికి క్యాస్ట్రాల్ అని పేరు పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఇంజను మొత్తం గిర్రున తిరిగే రకం విమానాలు ఉండేవి. ఆముదం పెట్రోలులో సులభంగా కలవదు కాబట్టి వాటిలో ఆముదమే పోసేవారు. ఆ పొగ పీల్చిన విమాన చోదకులకు కడుపు కదిలేదని కూడా చెప్పుకుంటారు. వైద్యులుగా ఆ మాట నమ్మడానికి మాకేమీ అభ్యంతరం లేదు.

ఆముదం! నెలకోసారి అమ్మమ్మ ముక్కు మూసి తాగించినది, తలకు పట్టించి ఎండలో కూర్చోబెట్టినది, నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట చేలలో పండేది, ఆ ఆముదమే. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షమని మనవాళ్ళు వెక్కిరింతగా అంటారు. కొత్త దేశంలో, తెలిసిన మొహం ఒక్కటీ లేని ఆ ఆదివారం, ఆ రేకు డబ్బా మాకు నిజంగా మహావృక్షంలాగే కనిపించింది. రెండు పౌన్లిచ్చి కొన్నాం. అలా మొదలైంది.

డబ్బాల్లో జాతులున్నాయి. ఒకటి రెండు గ్యాలన్ల పెట్రోలు డబ్బా. వీధి పక్కన పంపులు రాక ముందు ఈ దేశంలో పెట్రోలు ఈ డబ్బాల్లోనే అమ్మేవారు. నలుచదరంగా, పైన పిడితో, ఇత్తడి మూతతో ఉంటుంది. పక్కల మీద కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాలతో అచ్చు వేసి ఉంటుంది: షెల్, ప్రాట్స్, బి.పి. చాలావాటి అడుగున చేసినవారి పేరూ, నెలా, సంవత్సరమూ కూడా దొరుకుతాయి. రెండోది ఇంజను ఆయిలు డబ్బా. తగరం పూసిన పలచని ఇనప రేకు మీద రంగుల్లో బొమ్మలూ అక్షరాలూ ముద్రించినది. మూడోది ముక్కున్న డబ్బా. మన దర్జీ మిషను పక్కన ఉండే చిన్న నూనె డబ్బా, అడుగు నొక్కితే టక్కుమని చప్పుడు చేసి ఒక్క బొట్టు రాల్చేది, ఈ జాతిలో అందరికన్నా చిన్న తమ్ముడు. పెద్దన్న రైలింజను డ్రైవరు చేతి డబ్బా. దానికి మూరెడు పొడుగు ముక్కు, బొటనవేలితో నొక్కే మీట ఉంటాయి.

ఇక వీటిని బాగుచేయడం ఒక విద్య. తుప్పు పట్టిన ఇనప డబ్బాను బట్టల సోడా కలిపిన నీళ్ళలో ముంచి, దానికి బ్యాటరీ ఛార్జరు ఋణ ధ్రువమూ, పక్కన ముంచిన మరో ఇనప ముక్కకు ధన ధ్రువమూ తగిలిస్తే, ఎర్ర తుప్పు వదులై నల్లబడి, బ్రష్షుతో రుద్దితే ఊడి వస్తుంది. ఆ రెండో ముక్క స్టెయిన్‌లెస్ స్టీలుది కాకూడదు. అందులోని క్రోమియం విషంగా మారి నీళ్ళలోకి దిగుతుంది. బుడగలుగా వచ్చేది హైడ్రోజను, కాబట్టి కిటికీలు తెరిచి, నిప్పు దూరంగా ఉంచాలి. ఇత్తడి మూతలకు చింతపండును మించిన మందు లేదని ఇక్కడి సేకర్తలకు నేర్పింది మేమే. దానికి తగిన గౌరవం పొందుతున్నాం. పాత రంగులో సీసం ఉంటుంది గనుక పొడిగా ఉప్పు కాగితంతో రుద్దకూడదు, ఆ ధూళి పిల్లల దరికి రాకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, పాత పెట్రోలు డబ్బాకు ఎన్నడూ మంట చూపించకూడదు. నిండు డబ్బాకన్నా ఖాళీ డబ్బా ప్రమాదం. లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది.

ఇందులో మాకు కలిగిన ఆనందం ఏమిటో నిజం చెప్పుకోవాలి. మా వృత్తిలో పూర్తిగా నయం కావడమన్నది అరుదు. మధుమేహం పోదు, అదుపులో ఉంటుంది. మోకాలు అరిగితే అరిగిందే. డెబ్భై ఏళ్ళ గుండెను ఇరవై ఏళ్ళ గుండె చేయలేం. రోజంతా "ఇంతకన్నా చెడకుండా చూద్దాం" అని చెప్పి ఇంటికి వచ్చినవారికి, రెండు శనివారాల్లో కొత్తదైపోయే రోగి దొరికితే ఎంత సంతోషమో ఊహించండి. సొట్ట తీసి, చిల్లికి టంకం మాటు వేసి, ప్రైమరు కొట్టి, రెండు పూతల రంగు వేసి, ఇత్తడి మూత మెరిపించి పెడితే, డబ్బా నిన్న దుకాణం నుంచి వచ్చినట్టుండేది. ఆస్పత్రిలో దొరకని విజయం గరాజులో దొరికేది. మా తప్పుకు మూలం ఆ సంతోషమేనని ఇప్పుడు అనుకుంటున్నాం.

జరిగింది ఇది. గుర్తులు కొన్ని మార్చి చెబుతున్నాం. మా దగ్గర వైద్యానికి వచ్చే ఒక పెద్దావిడ ఉండేది. భర్త పోయి మూడేళ్ళు. ఆయన పదిహేనో ఏట రైల్వేలో ఇంజన్లు తుడిచే పనిలో చేరి, బొగ్గు వేసే ఫైర్‌మనై, తరవాత డ్రైవరయ్యాడు. ఈ దేశపు ప్రధాన రైలు మార్గాల మీద ఆవిరి ఇంజన్లు 1968 ఆగస్టుతో అంతమయ్యాయి. అప్పుడు తన నూనె డబ్బాను జ్ఞాపకంగా ఇంటికి తెచ్చుకున్నాడట. మాకు ఈ పిచ్చి ఉందని ఎవరి ద్వారానో తెలిసి, ఆవిడ ఒకరోజు సంచిలో చుట్టి దాన్ని తీసుకొచ్చింది. "కిటికీ గట్టు మీద పెట్టుకున్నాను డాక్టర్. తుప్పు రాలి కింద వేసిన గుడ్డ పాడవుతోంది. అది ఆగితే చాలు" అంది. అంతే అడిగింది.

అందమైన డబ్బా. పిడి దగ్గర ఎల్.ఎమ్.ఎస్. అని మూడక్షరాలు కొట్టి ఉన్నాయి. ఆ రైల్వే కంపెనీ 1923 నుంచి 1947 వరకే ఉంది. తరవాత అన్నీ జాతీయమయ్యాయి. అంటే ఆ డబ్బా ఈయన ఉద్యోగంలో చేరేనాటికే పాతది. ఆయన కన్నా ముందు ఎన్ని చేతులు మారిందో. బయలుదేరే ముందు డ్రైవరు దీన్ని పట్టుకుని ఇంజను చుట్టూ, అడుగునా తిరిగి, ఒక్కొక్క కీలుకూ నూనె పోసేవాడు. ఇరుసు పెట్టెల్లో ఉన్ని పోగులుండేవి. దీపంలో వత్తి నూనెను పైకి లాగినట్టే అవి నూనెను కొద్దికొద్దిగా లాగి ఇరుసుకు అందించేవి. దారిలో డబ్బాను కొలిమి తలుపు పైనున్న పళ్ళెంలో పెట్టేవారు, వెచ్చగా ఉంటే నూనె గడ్డకట్టకుండా ఉంటుందని. అందుకే దాని అడుగు నల్లగా కమిలి ఉంది. పిడి లోపలి వైపు మూడు గాట్లున్నాయి. ఏదో తగిలి పడిన దెబ్బలనుకున్నాం.

రెండు శనివారాలు కాదు, నాలుగు శనివారాలు కూర్చున్నాం. ఇంత శ్రద్ధగా మరే డబ్బానూ చేయలేదు. కమిలిన నలుపంతా తీసేశాం. గాట్లను టంకంతో పూడ్చి, ఆకురాయితో సాపుచేసి, వేలికి తగలకుండా నున్నగా చేశాం. నిగనిగలాడే నల్లరంగు వేసి, మీట దగ్గరి ఇత్తడిని అద్దంలా తోమాం. స్వయంగా వారింటికి తీసుకెళ్ళి ఇచ్చాం, మెప్పు కోసం అని వేరే చెప్పనక్కర లేదు.

ఆవిడ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "చాలా బాగుంది డాక్టర్, ఎంత శ్రమపడ్డారో" అంది. టీ పెట్టింది. బిస్కట్లు పెట్టింది. మాట్లాడుతూనే ఆవిడ బొటనవేలు పిడి లోపలి వైపు వెతుక్కుంటూ ఉండడం చూశాం. కాసేపటికి, మామూలు మాటలాగే, "ఇక్కడ మూడు గాట్లుండేవి" అంది. తెల్లవారు జామున చీకట్లో, నూనె కొట్లో వరసగా పెట్టిన డబ్బాల్లో తనది ఏదో తెలియడానికి ఆయన పెట్టుకున్న గుర్తట. దీపం అక్కర లేకుండా, వేలితో తడిమి, ఇది నాదే అనుకునేవాడట. ఆయన పోయాక ఈవిడ కూడా కిటికీ దగ్గర కూర్చున్నప్పుడు అలా తడిమేదట.

మాకు నోట మాట రాలేదు. చివరికి, "మళ్ళీ పెట్టి ఇస్తాం, అదే చోట, అలాగే" అన్నాం. ఆవిడ నవ్వింది. కోపం లేదు. "వద్దులెండి. అవి మీ గాట్లవుతాయి" అంది.

మిత్రులారా, మేము ఆస్పత్రిలో ఒక చిన్న పుట్టుమచ్చ కోయాలన్నా రోగికి వివరించి, ఒప్పుకున్నారో లేదో అడిగి, సంతకం తీసుకుంటాం. అడిగినదానికన్నా ఎక్కువ చేస్తే, అది ఎంత నైపుణ్యంతో చేసినా, తప్పే అంటాం. ఆవిడ అడిగింది తుప్పు ఆపమని. మేము చేసింది ఆమె భర్త వేలిముద్రను తుడిచేయడం. రోగం లేనిచోట శస్త్రచికిత్స చేశాం. అంతకన్నా సూటిగా చెప్పలేం.

అప్పటినుంచి ఈ విషయం మీద పెద్దలేమన్నారో చూస్తూ వచ్చాం. ఈ దేశంలో నూట డెబ్భై ఏళ్ళకు పైబడి ఇదే తగవు నడుస్తోంది. జాన్ రస్కిన్ 1849లోనే, పాత కట్టడాలను పునరుద్ధరించడమంటే వాటిని నాశనం చేయడమేనని వాదించాడు. పోయిన మనిషిని లేపలేనట్టే, పోయిన పనివాడి చేతిని తిరిగి తేలేమన్నది అతని భావం. విలియం మోరిస్ 1877లో పాత కట్టడాల రక్షణకు ఒక సంఘం స్థాపించాడు. ఆ రోజుల్లో చర్చీలను బాగుచేసే పేరుతో గోడల పాత పూతలన్నీ గీకి పారేసేవారు గనుక, ఆ సంఘానికి గీకుడు వ్యతిరేకులని ముద్దుపేరు వచ్చింది. వారి మాట ఇదే: కారే కప్పు బాగుచేయండి, కూలే గోడకు ఊతమివ్వండి, కాని గతాన్ని మీకు నచ్చినట్టు తిరగ వ్రాయకండి. ఇది చదివినప్పుడు మేము సిగ్గుపడ్డాం, ఒప్పుకున్నాం.

కాని మన సంప్రదాయం వేరే మాట చెబుతుందే అని కూడా తోచింది. మనకు జీర్ణోద్ధరణ పుణ్యకార్యం. శిథిలమైన గుడిని మళ్ళీ కట్టించినవాడికి కొత్త గుడి కట్టించినవాడికన్నా ఎక్కువ ఫలమంటారు. భిన్నమైన విగ్రహాన్ని పూజలో ఉంచరు. నీళ్ళలో నిమజ్జనం చేసి కొత్తదాన్ని ప్రతిష్ఠిస్తారు. మనకు గుడి వస్తువు కాదు, జరుగుతున్న పని. దీపం వెలగాలి, నైవేద్యం జరగాలి. రాయి పాతదా కొత్తదా అన్నది రెండో మాట. రస్కిన్ వచ్చి మన ఊరి గుడి గోపురానికి ఏటేటా కొత్త రంగులు వేయడం చూస్తే గుండె పట్టుకునేవాడు. మన పూజారిగారు రస్కిన్ మాట వింటే, దేవుణ్ణి దుమ్ములో ఉంచమంటాడా అని కోప్పడేవారు. ఇద్దరిలో ఎవరిది న్యాయం?

ఈ ప్రశ్న మేము చాలా గంభీరంగా ఆలోచిస్తూండగా మా శ్రీమతి వంటింట్లోంచి తేల్చేసింది. "మా అమ్మమ్మగారింటికి కళాయి వాడు వచ్చేవాడు గుర్తుందా? గిన్నె లోపల మాత్రమే కళాయి పోసేవాడు. బయట పేరు ముట్టుకునేవాడా?" అంది.

నిజమే గదా. ఇత్తడి గిన్నెలో పులుసు పెడితే చిలుము పట్టి విషమవుతుంది. అందుకని ఏడాదికి ఒకటి రెండుసార్లు కళాయి వాడు వీధిలో గుంట తవ్వి, తిత్తితో బొగ్గులు రాజేసి, గిన్నెను ఎర్రగా కాల్చి, నవాసారం చల్లి, తగరం కరిగించి గుడ్డతో లోపలంతా తుడిచేవాడు. క్షణంలో గిన్నె లోపల వెండిలా మెరిసేది. బయట సొట్టలు సొట్టలుగానే ఉండేవి. అంచు మీద కొట్టించిన పేరు, తేదీ అలాగే ఉండేవి. వాడు రస్కిన్‌ను చదవలేదు, ఆగమశాస్త్రమూ చదవలేదు. వాడుకకు ఏది కావాలో అది కొత్తది చేశాడు. సాక్ష్యంగా నిలిచేదాన్ని వదిలేశాడు. ఇద్దరు పెద్దల తగవూ వాడి చేతిలో తీరిపోయింది.

మా వృత్తిలోనూ ఇదే భేదం ఉందని అప్పుడు స్ఫురించింది. మన దేశాల నుంచి వచ్చిన పెద్దవారికి ఛాతీ ఎక్స్‌రే తీస్తే, ఊపిరితిత్తి పైభాగాన ఒక సున్నపు మచ్చ కనిపించడం తరచు జరిగేదే. ఎప్పుడో చిన్నతనంలో క్షయ సోకి, తనంతట తాను మానిన గుర్తు. ఇప్పుడు రోగం లేదని నిర్ధారించుకున్నాక ఆ మచ్చను తీసేయడానికి ఎవరూ కత్తి పట్టరు. క్రిమి బతికి ఉంటే మాత్రం ఆరు నెలలు మందు మింగిస్తాం, ఒక్క రోజు మానినా ఊరుకోం. ఎక్స్‌రేలో రెండూ తెల్లగానే కనిపిస్తాయి. ఒకటి తినేస్తున్నది, రెండోది మానినది. ఒకటి తుప్పు, రెండోది మచ్చ. తుప్పును వదిలేయడం అలసత్వం. మచ్చను తీసేయడం అపరాధం.

ఇంతవరకు బాగానే ఉంది. కాని ఈ సూత్రంతో సరిపెట్టుకుంటే మేము మళ్ళీ అదే తప్పు చేస్తాం. ఆ మూడు గాట్లను చూసినప్పుడు అవి దెబ్బలని మాకు సందేహమే కలగలేదు గదా. ఏది తుప్పో ఏది మచ్చో కంటికి తెలియదు. అడిగితే తెలుస్తుంది. వైద్యవిద్య మొదటి సంవత్సరాల్లో మాకు నేర్పేది కూడా ఇదే: చెయ్యి వేసే ముందు రోగి చెప్పేది విను. ఎన్నాళ్ళ నుంచి, ఎలా మొదలైంది, ఇంతకు ముందు ఏం జరిగింది. ఆ నాలుగు ప్రశ్నలు ఆవిణ్ణి మేము అడగలేదు. అడిగి ఉంటే నాలుగు శనివారాల శ్రమా తప్పేది, ఆ గాట్లూ మిగిలేవి. మన ఆలయాల్లోనూ, ఎంత జీర్ణమైనా సరే, పని మొదలుపెట్టే ముందు స్వామి అనుజ్ఞ తీసుకుని, బాలాలయంలోకి వేంచేపు చేసి, అప్పుడే గర్భగుడిలో చెయ్యి పెడతారు. తిరుమలలో పన్నెండేళ్ళకోసారి జరిగే మహాసంప్రోక్షణలోనూ బాలాలయం ఏర్పాటు ఉంది. దేవుణ్ణయినా అడిగి కదుపుతారు. మేము ఒక ముసలావిణ్ణి అడగలేకపోయాం.

మరి అడగడానికి ఎవరూ మిగలకపోతే? మా గరాజులో ముప్పాతిక మంది అనాథలే. సంతల్లో కొన్నవి, యజమానులెవరో తెలియదు. పైగా ఒక్కొక్క పెట్రోలు డబ్బా మీద రంగు గీకి చూస్తే ఎరుపు కింద ఆకుపచ్చ, దాని కింద మళ్ళీ ఎరుపు. కంపెనీలు ఒకరి డబ్బా మరొకరు నింపి రంగు మార్చేవారు. ఇందులో ఏ రంగును అసలుదిగా ఎంచుకుంటాం? మేము పెట్టుకున్న నియమాలు చిన్నవి. ఎర్రగా రాలే తుప్పును ఆపుతాం. గట్టిపడిన నలుపును ఉంచుతాం. ముద్రించిన రేకు డబ్బాను సబ్బు నీటితో మెత్తగా తుడిచి మైనం పూస్తాం, అంతే. ఆ రేకు మీది తగరం పొర మహా పలచన. ఒక్క చోట గీరుకుపోతే అక్కడి ఇనుము మామూలు కన్నా వేగంగా తినేసుకుంటుంది. జింకు పూత తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. తగరం ఆ త్యాగం చేయదు. ఇకపోతే, మళ్ళీ తీసేయడానికి వీలైన పనే చేస్తాం. మైనాన్ని తుడిచేయవచ్చు, ఆకురాయి తీసినదాన్ని అతికించలేం. ఏం చేశామో చీటీ మీద వ్రాసి డబ్బాకు కడతాం. రంగు వేసిన డబ్బా ఎవరికైనా ఇస్తే వేశామని చెప్పి ఇస్తాం. చెప్పకుండా పాతదని అమ్మేవారు ఈ వ్యాపారంలో ఉన్నారు. నున్నగా మెరిసేదానికే ధర పలుకుతుంది గనుక వారిని మాత్రమే అని లాభం లేదు.

ఇదంతా మనకెందుకని మీరు అడగవచ్చు. మనమందరమూ ఈ పనిలోనే ఉన్నామని మా అభిప్రాయం. దేశం విడిచి వచ్చినవారు తెచ్చుకున్న ఊరిని ఏటా ఒక పూత రంగు వేస్తూ ఉంటారు. మన జ్ఞాపకాల్లో కాలవ ఎప్పుడూ నిండుగా పారుతుంది, పండగలన్నీ ఆనందంగా జరుగుతాయి, ఉమ్మడి కుటుంబంలో ఎవరూ ఎవరితోనూ పోట్లాడరు. పిల్లలకు అదే చూపిస్తాం. నున్నగా ఉంటుంది, మెరుస్తుంది. వేలితో తడిమితే పట్టు దొరకదు. తాతగారు ఎందుకు ఊరు విడిచారు, అత్తయ్య చదువు ఎందుకు ఆగిపోయింది, ఏ మాట దగ్గర నాయనమ్మ లేచి వెళ్ళిపోయేది, ఇవన్నీ గాట్లు. దెబ్బలనుకుని పూడ్చేస్తాం. మన పెద్దలు వేసవిలో మన దగ్గరకు వచ్చి మూడు నెలలుంటారు. వారికి మోకాళ్ళ పరీక్షలన్నీ చేయిస్తాం. ఆ గాట్ల గురించి మాత్రం అడగం.

ఈ వ్యాసం వ్రాస్తూ మేము కూడా ఒక ప్రశ్న అడిగాం. పెళ్ళయిన కొత్తలో అమ్మ ఇచ్చి పంపిన ఇత్తడి మరచెంబు ఒకటి మా దేవుడి గూట్లో ఉంది. దాని మెడ మీద ఒక ఆడవారి పేరు కొట్టి ఉంది. మా వంశంలో ఎవరో ముత్తవ్వ అయి ఉంటుందని మేము అనుకుంటూ, వచ్చినవారికి అలాగే చెబుతూ, పండగనాడు దానికి కూడా పసుపూ కుంకుమా పెడుతూ వచ్చాం. పేరు చెరగకుండా జాగ్రత్తగా తోముతున్నాం. పోయిన ఆదివారం ఫోనులో, "అమ్మా, ఆ మరచెంబు మీద పేరు ఎవరిది?" అని అడిగాం.

అమ్మ కాసేపు ఆలోచించి, "అయ్యో, అది ఇంకా మీ దగ్గరే ఉందా! అది మనది కాదురా. పక్కింటివాళ్ళది. పిన్ని పెళ్ళిలో గిన్నెలు మారిపోయినప్పుడు మనింటికొచ్చింది. ఇచ్చేద్దాం ఇచ్చేద్దాం అనుకుంటూనే ఉండిపోయాం. మన చెంబు వాళ్ళ దగ్గరుంది" అంది.

పేర్లు కొట్టించేది అందుకే గదా, పెళ్ళిళ్ళలో మారిపోకుండా. ఆ పేరు తన పని తాను చేస్తూనే ఉంది. చదివి అడిగేవాళ్ళం మేమే కరువయ్యాం. ఆ పక్కింటివారి అబ్బాయి విజయవాడలో ఉన్నాడట. ఈసారి వెళ్ళినప్పుడు ఇచ్చి రావాలి. ఇచ్చే ముందు తోమాలా వద్దా అన్నది మాత్రం వారినే అడుగుతాం.